హద్దుచెట్టు రావియా, జువ్వియా?

పొలముల లెక్కలు వ్రాయువానికి చెట్ల శాస్త్రముతో పనియేమని కొందరందురు. నేనును ఒకప్పుడట్లే యనుకొంటిని.

ఇరువురు రైతులకు గట్టు తగవు వచ్చినపుడు హద్దులు చూచి వ్రాయుట నా వంతైనది. దస్తావేజు చెక్కుబందీలో ‘తూర్పు జువ్విచెట్టు’ అని యున్నది. నేను దూరమునుండియే ఆకుల కదలిక చూచి, గట్టుమీది చెట్టు రావి యని వ్రాసితిని. అట్లయిన దస్తావేజులోని చెట్టు ఇది కాదనియు, హద్దు ఇంకను లోపలనున్నదనియు పొరుగురైతు వాదించెను. రెండవ పక్షము ఒక పేదరాలు. ఆమె రెమ్మ త్రుంచి తెచ్చి నా ముందుంచి, “రావాకైతే తోకుండాలి గదా బాబూ, దీనికేదీ?” అనెను.

చెట్లను హద్దులుగా నాటుట ప్రాచీనాచారము. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున మర్రి, రావి, మోదుగ, బూరుగ మొదలగువానితోపాటు పాలుగల చెట్లను సరిహద్దులకు చెప్పినారు. మర్రి, రావి, జువ్వి, మేడి నాలుగును పాలుగలవే, దగ్గరి చుట్టములే. చిక్కంతయు అందే యున్నది.

మన గ్రంథాలయపు అమరకోశమునందే వీని పేర్లు నేర్చితిని. మర్రి బహుపాదము, ఊడలు చూచినవారికి వేరు గుర్తక్కరలేదు. మేడి జంతుఫలము, కాయలు మ్రానికే గుత్తులుగా కాయును, లోన పురుగులుండును. వేమన్న పుణ్యమా యని ఇది పిల్లలకును తెలియును. రావి చలదలము, అనగా కదలెడి ఆకు గలది. నన్ను మోసపుచ్చినది ఈ పేరే! జువ్వియాకునకును కాడ పొడవే. గాలికి అదియు కదలును.

కావున ఆకును చేతబట్టి చూడవలెను. రావియాకు మొదట వెడల్పై, హృదయాకారమున నుండి, కొనకు సన్నని పొడుగాటి తోకయగును. జువ్వియాకు కోలగా నుండి పొట్టిమొనతో ముగియును. పండ్లు రెంటికిని ఆకుల మొదళ్లయందు జంటలుగా నుండును. ముగ్గిన రావిపండు ఊదారంగు, జువ్విపండు తెల్లనిది. జువ్వి రాగివన్నె చిగురు వేయును గాని, రావిచిగురును ఎఱ్ఱనిదే గనుక ఆ గుర్తును నమ్మరాదు.

పేర్ల చిక్కు పండితులకును తప్పలేదు. సామర్లకోటలో తోట పెంచి, 1793లో కలకత్తాకు వెళ్లిన రాక్సుబర్గు దొర మేడికి ‘ఫైకస్ గ్లామరేటా’ అని పేరిడెను. ఆ చెట్టునకే లిన్నేయసు 1753లో ‘ఫైకస్ రెసిమోసా’ అని పెట్టియుండెను. రెండును ఒకటేయని తేలిన పిదప మునుపటి పేరే నిలిచినది.

నా తప్పు దిద్దుటకు అంతకాలము పట్టలేదు. మరునాడే ఆ రెమ్మను కాగితమునకు జతచేసి, ‘రావి’ కొట్టివేసి ‘జువ్వి’ అని వ్రాసి, ప్రక్కన చేవ్రాలు చేసితిని. ఆమె నేల ఆమెకు దక్కెను.