పత్తి చేనులో గంధకం, ప్రాణవాయువు: ఒక పురుగుమందు చరిత్ర



తెలుగులో ‘మందు’ అనే మాటకు అర్థాలు చాలా ఉన్నాయి. రోగికి ఇచ్చేది మందు. తుపాకిలో దట్టించేదీ మందే. పైరుపై చల్లేదీ మందే. ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెలలో “చేనికి మందు కొట్టేకి పోయినాడు” అంటే ఎవరికీ సందేహం కలగదు. ఈ మూడు రకాల మందులలోనూ తరచుగా కనిపించే రెండు మూలకాలు గంధకం, ప్రాణవాయువు. పత్తి చేలలో విరివిగా వాడిన పురుగుమందులలో ఈ రెండింటి స్థానమార్పిడి మీదనే మనిషి ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఆ సంగతిని చరిత్ర క్రమంలో మీ ముందు ఉంచాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఒకే కుటుంబం, వేర్వేరు స్వభావాలు

మూలకాల ఆవర్తన పట్టికలో పదహారవ వర్గంలో ప్రాణవాయువు (ఆక్సిజన్), గంధకం, సెలీనియం, టెల్లూరియం, పొలోనియం వరుసగా ఉంటాయి. వీటన్నిటికీ వెలుపలి కక్ష్యలో ఆరు ఎలక్ట్రాన్లు ఉంటాయి. నిండడానికి ఇంకా రెండు కావాలి. అందువల్ల ఒకటి ఉండే చోట మరొకటి అమరగలదు. కాని అమరినంత మాత్రాన స్వభావం ఒకటి కాదు. ప్రాణవాయు పరమాణువు చిన్నది, ఎలక్ట్రాన్లను బలంగా తనవైపు లాక్కుంటుంది. గంధక పరమాణువు పెద్దది, దాని పట్టు సడలుగా ఉంటుంది.

ఈ తేడా ఎంతటిదో తెలుసుకోవడానికి ఒక ఉదాహరణ చాలు. రెండు హైడ్రోజన్ పరమాణువులతో ప్రాణవాయువు కలిస్తే మనం తాగే నీరు. అదే చోట గంధకం ఉంటే కుళ్ళిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్. సెప్టిక్ ట్యాంకులలో, మురుగు గుంతలలో దిగిన కార్మికులను క్షణాలలో కూల్చే వాయువు అది. ఇదే కుటుంబంలోని సెలీనియం మన శరీరానికి అతి స్వల్ప మోతాదులో అవసరం, ఎక్కువైతే విషం. పొలోనియం రేడియోధార్మిక పదార్థం. ఏ మూలకమూ తనంతట తాను మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. దాని రూపం, మోతాదు, పొందిక కలిసి దాని గుణాన్ని నిర్ణయిస్తాయి.

కోట మందు నుండి చేను మందుకు

గంధకంతో ఈ ప్రాంతపు పరిచయం పాతది. 1786లో టిప్పు సుల్తాన్ ఆదోని కోటను ముట్టడించి పట్టుకున్నాడు. అటువంటి యుద్ధాలలో పేలిన మందు గంధకం, బొగ్గు, పెట్లుప్పుల మిశ్రమం. పెట్లుప్పునే సురేకారం అంటారు. అది తనలో బంధించి ఉంచిన ప్రాణవాయువును విడిచిపెడితే గంధకం, బొగ్గు ఒక్కసారిగా మండి పేలుడు పుడుతుంది.

వైద్యంలోనూ గంధకానికి చోటుంది. గజ్జికి గంధకపు లేపనం తరతరాలుగా వాడుకలో ఉన్న ఔషధం. పందొమ్మిదవ శతాబ్దపు నడిమి కాలంలో ఐరోపా ద్రాక్ష తోటలను బూడిద తెగులు నాశనం చేస్తుంటే రైతులు గంధకపు పొడి చల్లి తోటలను కాపాడుకున్నారు. ఈనాటికీ నీటిలో కలిపే గంధకాన్ని మన రైతులు బూడిద తెగులుకు వాడుతున్నారు. ఇలా మూలక రూపంలో ఉన్న గంధకం కళ్ళను, చర్మాన్ని మండించవచ్చు గాని మనిషి ప్రాణం తీయడం అరుదు. గంధకాన్ని భాస్వరంతో జతచేసిన తరువాతనే కథ మారింది.

నల్లరేగడి, తెల్లబంగారం

ఆలూరు, ఆదోని తాలూకాలు 1953 అక్టోబరు 1 వరకు బళ్ళారి జిల్లాలోనివి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటు వచ్చి కర్నూలు జిల్లాలో చేరాయి. బళ్ళారి, కర్నూలు, అనంతపురం నల్లరేగళ్ళలో పండిన దేశవాళీ పత్తిని పూర్వం వర్తకులు ‘వెస్టర్న్స్’ అనే పేరుతో కొనేవారు. వానపై ఆధారపడి, తక్కువ ఖర్చుతో, ఒక మోస్తరు దిగుబడినిచ్చే పంట అది. ఆదోని పత్తి మార్కెట్టుకు పేరు వచ్చింది ఈ పంట వల్లనే.

1970లో గుజరాత్‌లోని సూరత్ పరిశోధన కేంద్రంలో సి.టి. పటేల్ ‘హెచ్-4’ అనే సంకర పత్తిని విడుదల చేశారు. వాణిజ్య సాగుకు వచ్చిన ప్రపంచపు మొదటి సంకర పత్తి అదే. అటువంటి రకాలతో దిగుబడి పెరిగింది, పురుగు కూడా పెరిగింది. 1987 నాటికి ఆంధ్రప్రదేశ్ పత్తి చేలలో శనగపచ్చ పురుగు కొత్తగా వచ్చిన పైరిత్రాయిడ్ మందులకు లొంగకుండా పోయింది. రైతులు మందు మీద మందు కొట్టసాగారు. అందులో పెద్ద వాటా ఆర్గానోఫాస్ఫరస్ మందులది. తెలుగులో చెప్పాలంటే సేంద్రియ భాస్వర సమ్మేళనాలు.

ష్రాడర్ ప్రయోగశాల

ఈ సమ్మేళనాల చరిత్ర జర్మనీలో మొదలయింది. ఐ.జి. ఫార్బెన్ సంస్థలో పనిచేసిన గెర్హార్డ్ ష్రాడర్ పురుగుల మందు కోసం వెదుకుతూ 1936 డిసెంబరులో టాబున్ అనే పదార్థాన్ని తయారు చేశాడు. అది పురుగులనే కాదు, మనుషులనూ చంపగలదని తెలియగానే జర్మన్ సైన్యం దానిని రహస్య ఆయుధంగా చేసుకుంది. అదే ష్రాడర్ 1944లో పారాథియాన్‌ను కనుగొన్నాడు. యుద్ధానంతరం అది వ్యవసాయపు మందుగా లోకమంతటా వ్యాపించింది. 1950లో అమెరికన్ సయనమిడ్ సంస్థ మలాథియాన్‌ను తెచ్చింది. మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు పనిచేసిన లెడర్లీ ప్రయోగశాలలు ఆ సంస్థకు చెందినవే. అయితే మలాథియాన్ వచ్చే నాటికి ఆయన కీర్తిశేషులు.

పారాథియాన్, మలాథియాన్, క్లోరిపైరిఫాస్, క్వినాల్‌ఫాస్ వంటి వాటిలో భాస్వరానికి జంట బంధంతో అతుక్కుని ఉండేది గంధకం. గంధకం ఎలక్ట్రాన్లను బలంగా లాగదు కనుక భాస్వరం నెమ్మదిగా ఉంటుంది, మన నాడులలోని ఎంజైమును అంతగా అంటుకోదు. అంటే డబ్బాలో ఉన్నది నిద్రపోతున్న విషం. అది శరీరంలోకి చేరాక కాలేయంలోని ఎంజైములు ఆ గంధకాన్ని తొలగించి ఆ చోట ప్రాణవాయువును పెడతాయి. విషాన్ని విరిచి బయటికి పంపవలసిన కాలేయమే ఇక్కడ విషాన్ని మేల్కొలుపుతుంది. పురుగు శరీరంలోనూ ఇదే జరుగుతుంది. పారాథియాన్ కాస్తా పారాక్సాన్ అవుతుంది. ప్రాణవాయువు ఎలక్ట్రాన్లను తనవైపు లాగడంతో భాస్వరం చురుకై, ఎసిటైల్ కోలిన్ ఎస్టరేజ్ అనే ఎంజైమును పట్టుకుని పనిచేయనీయదు.

ఆ ఎంజైము పని ఆగితే నాడుల సంకేతాలు ఆగకుండా మోగుతూనే ఉంటాయి. నోట చొంగ, ఒళ్ళంతా చెమట, కంటిపాపలు సూదిమొనలంత కావడం, వాంతులు, విరేచనాలు, కండరాలు అదరడం, ఊపిరితిత్తులలో స్రావాలు నిండడం, చివరకు శ్వాస ఆగడం. ఈ మందులలో చాలావాటికి వెల్లుల్లి వంటి వాసన ఉంటుంది. వెల్లుల్లి ఘాటుకూ గంధక సమ్మేళనాలే కారణం. అత్యవసర విభాగంలో వైద్యులకు ఆ వాసన ఒక ఆనవాలు.

ఇందులో రోగి బంధువులు తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. మోనోక్రోటోఫాస్, డైక్లోర్వాస్ వంటి వాటిలో మొదటినుండీ భాస్వరానికి ప్రాణవాయువే జతగా ఉంటుంది కనుక అవి త్వరగా పనిచేస్తాయి. గంధకం ఉన్నవి మారడానికి సమయం తీసుకుంటాయి, కొవ్వులో దాగి తరువాత బయటపడతాయి. “మనిషి బాగానే ఉన్నాడు, ఇంటికి తీసుకుపోతాం” అనడం ఎంతో ప్రమాదకరం. మొదటి లక్షణాలు తగ్గాక ఒకటి నుండి నాలుగు రోజులలో మెడ, శ్వాస కండరాలు చచ్చుబడే స్థితిని 1987లో శ్రీలంక వైద్యులు సేననాయకె, కరల్లియడ్డె వివరించారు.

గోదాములో జరిగిన మార్పు

మలాథియాన్ మనుషులకు కొంత మేలైనదని పేరు. మన శరీరంలోని మరొక ఎంజైము, అది మేల్కొనక ముందే దానిని విరగ్గొడుతుంది. ఆ నమ్మకంతోనే మలేరియా దోమల నివారణకు దానిని ఇళ్ళలో చల్లారు. 1976లో పాకిస్తాన్‌లో అలా చల్లిన సుమారు 7,500 మంది కార్మికులలో దాదాపు 2,800 మంది విషప్రభావానికి గురయ్యారు, ఐదుగురు మరణించారు. పరిశోధించగా ఆ మందులో ‘ఐసోమలాథియాన్’ అధికంగా ఉందని తేలింది.

ఐసోమలాథియాన్ అంటే ఏమిటి? మలాథియాన్‌లో ఉన్న పరమాణువులే, అంతే సంఖ్యలో. భాస్వరం చెంత గంధకం, ప్రాణవాయువు తమ స్థానాలను మార్చుకున్నాయి, అంతే. ఆ కొత్త పదార్థం మనలను కాపాడే ఎంజైమునే అడ్డుకుంటుంది. సరిగా తయారు కాని మందులో, వేడిలో నిలవ ఉన్న మందులో ఈ మార్పు వేగంగా జరుగుతుంది. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే మన ప్రాంతంలో రేకుల కొట్టాలలో పాత మందు డబ్బాలు దాచే అలవాటు ఉన్నవారు ఈ సంగతిని మనసులో పెట్టుకోవాలి.

చట్టం వెనుక మరణాలు

1958లో కేరళలో వందకు పైగా జనం మరణించారు. ఓడలో గోధుమ సరకుతోపాటు పారాథియాన్ కూడా రావడం, అది కారి ఆహారంలో కలవడం కారణమని తేలింది. ఆ దుర్ఘటన తరువాతనే క్రిమిసంహారకాల నియంత్రణపై దేశం దృష్టి పెట్టింది, 1968లో చట్టం వచ్చింది. అయినా 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లా బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. మోనోక్రోటోఫాస్ కలిసిన నూనెతో వండిన అన్నం అది.

మన తెలుగు నేలపై లెక్క ఇంకా బరువైనది. వరంగల్ మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రిలో 1997 నుండి 2002 వరకు పురుగుమందు విషంతో చేరినవారు 8,040 మంది. వారిలో నూటికి 22 మందికి పైగా మరణించారు. ఎక్కువమంది ముప్పై ఏళ్ళ లోపువారు. ఏ మందో తెలిసిన మరణాలలో మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్‌లదే అధిక భాగం. పత్తి పంట దెబ్బతిన్న సంవత్సరాలలో ఆ వార్డులు ఎలా నిండాయో ఆనాటి పత్రికలు చదివినవారికి తెలుసు.

ఇది మనసు కష్టాన్ని మాత్రమే తెలిపే లెక్క కాదు. ఒక క్షణికావేశంలో చేతికి అందినది ఏ మందు అన్నదే బతుకుకు, చావుకు మధ్య తేడా అవుతున్నదని కూడా ఇది చెబుతున్నది. శ్రీలంక 1995 నుండి అతి తీవ్ర విషాలను దశలవారీగా నిషేధించింది. రెండు దశాబ్దాలలో అక్కడ ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. పంటల దిగుబడి మాత్రం తగ్గలేదు. మన దేశంలో ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. మిథైల్ పారాథియాన్ సహా పన్నెండు మందులు 2018లో, ఫోరేట్, ట్రయజోఫాస్, డైక్లోర్వాస్ సహా మరో ఆరు 2020 చివర నిషేధానికి గురయ్యాయి. 2023లో మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణం వంతు వచ్చింది. నిషేధం అమలు కావాలంటే పాత నిలవలు పల్లె కొట్టాలలోంచి పోవాలి.

చికిత్స, జాగ్రత్త

చికిత్సలో ప్రధానమైనది అట్రోపిన్. రెండవది ప్రాలిడాక్సిమ్, ఆసుపత్రులలో ‘పామ్’ అంటారు. 1955లో అమెరికాలో ఇర్విన్ విల్సన్ బృందం దీనిని రూపొందించింది. దీనిలోని ప్రాణవాయు పరమాణువు భాస్వరాన్ని తనవైపు లాక్కుని ఎంజైమును విడిపిస్తుంది. ఆలస్యమైతే ఆ బంధం గట్టిపడిపోతుంది, అప్పుడు పామ్ పనిచేయదు. దాని ప్రయోజనం ఎంత అన్నదానిపై వైద్యులలో భిన్నాభిప్రాయాలున్నా, త్వరగా ఆసుపత్రి చేరడం గురించి మాత్రం లేవు.

మీరు గుర్తుంచుకోవలసినవి ఇవి. మందు డబ్బాపై వజ్రాకారపు గుర్తులో కింది సగం ఎరుపు ఉంటే అతి తీవ్ర విషం, పసుపు ఉంటే తీవ్ర విషం, తరువాత నీలం, ఆకుపచ్చ. గాలికి ఎదురుగా పిచికారీ చేయకండి. తడిసిన బట్టలు వెంటనే విప్పి సబ్బుతో ఒళ్ళు బాగా కడుక్కోండి, ఈ మందులు చర్మం గుండా కూడా లోపలికి పోతాయి. ఖాళీ డబ్బాలలో నీళ్ళు, నూనె పోయకండి. మందును తాళం వేసిన పెట్టెలో, ఇంటి బయట ఉంచండి. ఎవరైనా మందు తాగినా, ఒంటిపై పడినా ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఆ డబ్బాను కూడా వెంట తీసుకెళ్ళండి. గంధకపు మందా, కాదా అన్నది వైద్యుడికి దానిపై పేరు చూస్తేనే తెలుస్తుంది.

అప్పుల వల్లనో, పంట పోయినందువల్లనో బతుకు మీద ఆశ సన్నగిల్లినవారు మీ ఇంట, మీ ఊర ఉంటే వారిని ఒంటరిగా వదలకండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్‌లో తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. ఆ ఇంట్లో ఉన్న మందు డబ్బాను కొన్నాళ్ళు మీ దగ్గర దాచడం కూడా వైద్యమే.