రక్తానికి హాజరు పట్టీ

1860 నాటి భారత శిక్షాస్మృతి నేరాన్ని మనిషి మనసులో వెతికింది. ఏడేళ్లు నిండని పిల్లవాడు ఏం చేసినా నేరం కాదంది. మతి చెదిరి, తానేం చేస్తున్నాడో తెలియని స్థితిలో ఉన్నవాణ్నీ వదిలేసింది. పదకొండేళ్లకే అదే ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. అందులో మనసు ప్రసక్తే లేదు, పుట్టుక చాలు. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టే దొంగ కొడుకు దొంగ అవుతాడన్నది దాని వెనకున్న వాదం. ఒక జాతిని నేరస్థ జాతిగా ప్రకటిస్తే ఆ ప్రకటన చెల్లదనడానికి ఏ కోర్టుకూ అధికారం లేదు. అప్పట్లో వైస్రాయి కౌన్సిల్లో న్యాయ సభ్యుడు జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. ప్రతి వాదానికీ రుజువు అడిగే సాక్ష్య చట్టాన్ని మరుసటి ఏడాది రాసిందీ ఆయనే!

ఈ చట్టాన్ని 1911లో సవరించాక మద్రాసు రాజధానికీ వర్తించింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఆ తర్వాతే పుట్టింది. మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టి, ఎరుకల కుటుంబాలను అక్కడికి చేర్చి, రక్షణ సైన్యం అనే క్రైస్తవ సంస్థకు నిర్వహణ అప్పగించారు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే అనుమతి చీటీ. పట్టీలో పేరున్నవాడు దొంగతనానికి సిద్ధపడుతున్నట్టు కోర్టుకు తోస్తే చాలు, మూడేళ్ల దాకా జైలు. స్వేచ్ఛాసంకల్పం లేదనే తత్త్వవేత్త ఎవరైనా ఈ చట్టాన్ని చూస్తే తనదని ఒప్పుకోడు. మనిషి చేతిలో ఏమీ లేదన్నవాడు నిందించడం కూడా మానాలి కదా. ఈ చట్టం మాత్రం అనుమానించేటప్పుడు రక్తం మాట ఎత్తి, శిక్షించేటప్పుడు కావాలని చేశావంది.

ఎరుకలలో దొంగతనాలు చేసినవాళ్లే లేరా అని అడగవచ్చు. ఉన్నారు. అయితే చాలా కుటుంబాలు అంతకుముందు పశువుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని కోస్తా నుంచి లోపలి ఊళ్లకు తిరిగి బతికినవి. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం, ఆపైన రైలు ఆ బతుకును మింగేశాయి. అడవి చట్టాలు వెదురునూ మేతనూ దూరం చేశాయి. రక్తం బదులు పేదరికాన్ని కారణంగా చూపినా మనిషి బాధ్యత మాయమవుతుందిగా అన్నది ఇంకాస్త బలమైన అభ్యంతరం. నాకలా అనిపించదు. ఉప్పు బేరం పోయిన పదిమందిలో ఒకడు దొంగిలిస్తే మిగతా తొమ్మిదిమంది ఎందుకు దొంగిలించలేదన్న ప్రశ్న బతికే ఉంటుంది. ఆ ఒక్కడిని పిలిచి అడగవచ్చు కూడా. రక్తం సిద్ధాంతంలో ఆ తొమ్మిదిమందీ ఇంకా పట్టుబడని దొంగలు.

స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లను మనుషుల్ని దిద్దడానికే కదా పెట్టారు, అంటే మనిషి మారగలడని నమ్మినట్టే కదా అన్న మాటా ఉంది. రక్షణ సైన్యాన్ని ఈ దేశంలో నడిపించిన ఫ్రెడరిక్ బూత్ టక్కర్ ఈ పనిని ఏకంగా నేర చికిత్స అన్నాడు. చికిత్స కుదిరితే జబ్బు రక్తంలో లేనట్టే, చట్టం పునాదే కూలాలి. కూలలేదు. తప్పు చేస్తే జాతిది, బాగుపడితే దొరలది అన్న లెక్క నడిచింది. నిందలోనూ మెప్పులోనూ తనకంటూ ఏమీ దక్కని మనిషి చిలకలూరిపేట రోడ్డు దాకా వెళ్లాలన్నా చీటీ అడుక్కున్నాడు.

మద్రాసులో ఈ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న. దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. కాగితం మీద తేడా పెద్దదే: జాతిని కాకుండా, శిక్షపడిన వ్యక్తిని పట్టీలోకి ఎక్కించాలి. అయినా సంఘ సంస్కర్త హేమలతా లవణం 1970లలో స్టూవర్టుపురంలో పనిచేయడానికి వెళ్లేనాటికీ ఊరి పేరు చెబితే చాలు, పోలీసులు మిగతాది ఊహించుకునేవారు. సినిమాలు ఆ ఊహను సొమ్ము చేసుకున్నాయి. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు, జైలు మాన్యువళ్లలో కులాన్ని బట్టి పని పంచే నిబంధనలను కొట్టేస్తూ, ఆ చట్టం రద్దుతో విముక్త జాతులుగా పేరుపడ్డవాళ్లను పుట్టుకతో నేరస్థులుగా చూసే రాతలనూ తీసేయమంది. చట్టం రద్దై అప్పటికి 72 ఏళ్లు.