ఫస్ట్ లాన్సర్ అంటే ఎవరు?

చేవెళ్ల నుంచి మెహిదీపట్నం బస్సు ఎక్కనోళ్లు మా వైపు దొరకరు. నా బీటెక్ సగం ఆ బస్సులోనే అయింది. మొయినాబాద్ రోడ్డు మర్రిచెట్లు, లంగర్‌హౌజ్ ట్రాఫిక్, మెహిదీపట్నం దాటితే ఫస్ట్ లాన్సర్, ఏసీ గార్డ్స్. ఏసీ గార్డ్స్ అంటే ఏసీలు రిపేర్ చేసే ఏరియా అనుకున్నా చాలా కాలం. నవ్వకండి.

ఆ పేర్ల సంగతి నాకు చెప్పింది మొయినాబాద్ దగ్గరి ఊళ్లో ఉండే ఒక ఫౌజీ తాత. పేరు పెట్టొద్దన్నాడు, పెట్టట్లేదు. ఆర్టిలరీలో హవల్దార్‌గా రిటైర్ అయ్యాడు. గోల్కొండ పక్కన ఆర్టిలరీ సెంటర్ 1962లో మొదలైంది. తాత ట్రైనింగ్ అక్కడే.

"ఇల్లు గంట దూరం. అయినా నెలల తరబడి ఇంటి మొఖం చూడలే. పల్టన్లకు జెండాలుంటయ్ బిడ్డా, మాకు తోపే జెండా. దాన్ని ఇడిసిపెట్టి రావుడంటే ఇజ్జత్ పోయినట్టే."

మనం 'వాడు తోపు రా' అంటుంటాం కదా. తాత ముందు కాస్త చూసి వాడండి.

ఫస్ట్ లాన్సర్ దగ్గరికి వద్దాం. లాన్సర్ అంటే బల్లెం పట్టిన గుర్రపు సిపాయి. నిజాం ప్రభుత్వపు ఫస్ట్ హైదరాబాద్ లాన్సర్లు ఉన్న చోటు కాబట్టి ఆ పేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో వీళ్లు మైసూర్ లాన్సర్లతో కలిసి 15వ ఇంపీరియల్ సర్వీస్ కావల్రీ బ్రిగేడ్‌లో సూయజ్ కాలువ కాపలాకు, తర్వాత పాలస్తీనాకు వెళ్లారు. జోధ్‌పూర్ లాన్సర్లు ఆ బ్రిగేడ్‌లో తర్వాత వచ్చి కలిశారు. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర కనిపించే మూడు కంచు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల సైనికులకు గుర్తు. ఇక ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం కొలువులో పనిచేసిన సిద్దీల గుర్రపు దళం. వాళ్ల వారసులు ఇప్పటికీ ఆ గల్లీల్లో ఉన్నారు.

ఇదంతా విని ఇంటికెళ్లి థంబ్‌నెయిల్ చేశా: 'హైఫాను గెలిచిన హైదరాబాద్ గుర్రాలు'. తాతకు చూపిస్తే మొహం మారిపోయింది.

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"వాట్సాప్‌లో వచ్చింది తాతా."

1918 సెప్టెంబర్ 23న హైఫా మీదికి గుర్రాలు ఉరికించి ఊరు పట్టింది జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లు. మన వాళ్లది అదే బ్రిగేడ్, కానీ ఆ రోజు ఆ దాడి ఘనత ఆ ఇద్దరిది. "పక్క రెజిమెంటోడు సచ్చి తెచ్చిన పేరు మనం రాసుకుంటామా?" అన్నాడు తాత. థంబ్‌నెయిల్ డిలీట్ చేశా. వ్యూస్ పోతే పోయాయి.

అసలు మనం చెప్పుకోవాల్సింది ఇంకోటి ఉంది, ఎవరూ చెప్పరు. నిజాం ఖర్చుతో, బ్రిటిష్ ఆఫీసర్ల కింద నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ అని ఒక సైన్యం ఉండేది. ఆ ఖర్చు బాకీల కిందే 1853లో బేరార్ నిజాం చేతుల్లోంచి జారింది. దాని పల్టన్లే 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయ్యాయి. తర్వాత తర్వాత సిపాయిల్లో కుమావ్ కొండల వాళ్లు, అహీర్లు ఎక్కువయ్యారు. 1945లో పేరు కుమావ్ రెజిమెంట్‌గా మారింది. మొట్టమొదటి పరమవీరచక్ర అందుకున్న మేజర్ సోమనాథ్ శర్మ 1942లో ఆఫీసర్‌గా చేరింది హైదరాబాద్ రెజిమెంట్‌లోనే. 1947 నవంబర్ 3న బడ్గాంలో ప్రాణం ఇచ్చేనాటికి అది కుమావ్. జనరల్ తిమ్మయ్యదీ ఆ రెజిమెంటే. మన ఊరి పేరు మోసిన పల్టన్ కథ వెతకాలంటే ఇప్పుడు రాణిఖేత్ వెళ్లాలి.

పెద్ద రెజిమెంట్లకు వార్ డైరీలు, మ్యూజియంలు ఉంటాయి. చేవెళ్ల, మొయినాబాద్ ఊళ్ల నుంచి వెళ్లిన మామూలు సిపాయిలకు ఏముంటుంది? ట్రంకు పెట్టెలో డిశ్చార్జ్ బుక్. అదీ చెదలు తినకుంటే. అందుకే తాత ఒక పొడుగు నోట్‌బుక్కులో రాస్తున్నాడు: పేరు, నంబర్, ఊరు, యూనిట్. ప్రతి పేజీ నేను ఫోన్‌తో స్కాన్ చేస్తున్నా.

ఒక పేరు ఎదురుగా ఊరు గడి ఖాళీగా ఉంది. "చేవెళ్ల అవతల అన్నడు. యాదికొస్తలే," అన్నాడు తాత.

"ప్రస్తుతానికి చేవెళ్ల అని రాసేద్దామా?"

పెన్ను నా చేతిలోంచి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.