పశువులలో గిట్టల కుంటు

పశువుల కాలిగిట్టలకు గానీ, గిట్టల చుట్టూ ఉండే చర్మానికి గానీ వ్యాధి లేదా గాయం కలిగి, ఆ బాధ వలన పశువు సరిగా నడవలేకపోవడాన్ని గిట్టల కుంటు అంటారు. కుంటు ఒక వ్యాధి కాదు, నొప్పికి సూచన మాత్రమే. దాని వెనుక అనేక కారణాలు ఉండవచ్చు. కారణాన్ని బట్టి చికిత్స మారుతుంది కాబట్టి, కుంటే ప్రతి పశువుకూ ఒకే మందు వాడటం వలన ప్రయోజనం ఉండదు.

కుంటే పాడి ఆవు మేత దగ్గరకు తక్కువసార్లు వెళ్తుంది, తక్కువ తింటుంది, పాలు తగ్గుతాయి. ఎదకు వచ్చినా ఆ లక్షణాలు స్పష్టంగా కనబడవు, అందువలన చూడి కట్టడం ఆలస్యమవుతుంది. దుక్కిటెద్దు కుంటితే రైతుకు ఆ అదునే తప్పిపోతుంది. పొదుగువాపు, గొడ్డుమోతుతనం, గిట్టల కుంటు అనే ఈ మూడూ పాడి పరిశ్రమకు అధిక నష్టం కలిగించే సమస్యలుగా ప్రపంచవ్యాప్తంగా గుర్తింపు పొందాయి.

గిట్ట నిర్మాణం

ఆవు, గేదెల ప్రతి కాలికి నేలపై ఆనే గిట్టలు రెండు ఉంటాయి. వెనుకవైపు కొంచెం ఎత్తులో మరి రెండు చిన్న గిట్టలు ఉంటాయి కానీ అవి సాధారణంగా నేలను తాకవు. గిట్ట పైపొర కెరాటిన్ అనే గట్టి పదార్థంతో తయారవుతుంది. దీనికి రక్తప్రసరణ గానీ, స్పర్శ గానీ ఉండవు. దీని లోపల రక్తనాళాలు, నాడులు ఉన్న మెత్తని జీవపొర, దానికి లోపల గిట్ట ఎముక ఉంటాయి. గిట్ట గోడ, అడుగుభాగం కలిసేచోట ఉండే సన్నని గీతను తెల్లగీత అంటారు. గిట్టలో బలహీనమైన భాగం ఇదే. మడమ లోపల ఉండే కొవ్వు మెత్త నడిచేటప్పుడు కలిగే అదురును తట్టుకుంటుంది.

గిట్ట గోడ నెలకు సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మెత్తని నేలపై కట్టివేసి ఉంచిన పశువులో అరుగుదల తక్కువై గిట్టలు సాగిపోతాయి. గరుకు సిమెంటు నేలపై, తారు రోడ్లపై తిరిగే పశువులో అరుగుదల ఎక్కువై అడుగుభాగం పలచబడుతుంది. పాడి ఆవులలో గిట్టల వ్యాధులు ఎక్కువగా వెనుక కాళ్ళలో, అందులోనూ బయటివైపు గిట్టలో వస్తాయి.

కారణాలు

గిట్టల కుంటుకు కారణాలను రెండు విధాలుగా విభజించవచ్చు.

సూక్ష్మజీవుల వలన కలిగేవి

గిట్టల కుళ్ళు: ఫ్యూసోబాక్టీరియం నెక్రోఫోరమ్ అనే బాక్టీరియా ఇందులో ముఖ్యమైనది. పేడ, మూత్రం, బురదలో నానిన చర్మానికి రాయి, మోడు వంటివి గుచ్చుకొని చిన్న గాయమైతే, ఆ దారిన ఇది లోపలికి ప్రవేశిస్తుంది. వర్షాకాలంలో ఎక్కువగా కనిపిస్తుంది.

మడమ చర్మవ్యాధి: దీనిని 1974లో మొదటిసారిగా ఇటలీలో వర్ణించారు. ట్రెపోనిమా జాతి బాక్టీరియా దీనికి ముఖ్య కారణం. మడమ వెనుక, గిట్టల సందుకు పైన ఎర్రని, పచ్చి పుండు ఏర్పడుతుంది. ముట్టుకుంటే పశువు కాలు విదిలిస్తుంది. మందలో ఒకదాని నుండి మరొకదానికి వ్యాపిస్తుంది.

గాలికుంటు వ్యాధి: ఇది వైరస్ వలన కలుగుతుంది. గిట్టల మధ్య పుండ్లతో పాటు నోటిలో, నాలుకపై, చిగుళ్ళపై బొబ్బలు, చొంగ కారడం, తీవ్ర జ్వరం ఉంటాయి. ఒకేసారి అనేక పశువులు కుంటుతుంటే మొదట ఈ వ్యాధినే అనుమానించాలి.

ఇతర కారణాలు

గిట్ట లోపలి వాపు: ధాన్యం, నూకలు, దాణా అకస్మాత్తుగా ఎక్కువగా తిన్నప్పుడు పెద్ద పొట్టలో ఆమ్లం పెరుగుతుంది. పెళ్ళిళ్ళు, పండుగలలో మిగిలిన అన్నాన్ని పశువుకు ఒకేసారి పెట్టడం వలన కూడా ఇలాగే జరుగుతుంది. దీని ప్రభావం గిట్టలోని జీవపొరపై పడి వాపు, నొప్పి కలుగుతాయి. ఈనే సమయంలో గిట్ట ఎముకను పట్టి ఉంచే కణజాలం వదులవుతుంది కాబట్టి, ఈనిన తరువాతి వారాలలో ఆవుకు ప్రమాదం ఎక్కువ.

అడుగుభాగపు పుండు: గిట్ట ఎముక జీవపొరను కిందికి నొక్కడం వలన మడమకు దగ్గరలో పుండు ఏర్పడుతుంది. గట్టి నేలపై ఎక్కువసేపు నిలబడే ఆవులలో, ఈనిన తరువాత బాగా చిక్కిపోయిన ఆవులలో ఇది ఎక్కువ. చిక్కిన ఆవులో మడమలోని కొవ్వు మెత్త కూడా పలచబడటమే దీనికి కారణం.

తెల్లగీత వ్యాధి: తెల్లగీత విడిపోయి, ఆ సందులో చిన్న రాళ్ళు, మట్టి చేరి లోపల చీము పడుతుంది.

మేకులు, ముళ్ళు, గాజు ముక్కలు గుచ్చుకోవడం, నాడా మేకు జీవపొరకు తగలడం, గిట్టలు సాగి వంకర తిరగడం కూడా సాధారణ కారణాలే. ఎద్దుకు ఒక్కొక్క గిట్టకు ఒక్కొక్క నాడా చొప్పున నాలుగు కాళ్ళకు ఎనిమిది నాడాలు వేస్తారు. మేకును తెల్లగీతకు బయట, గోడలోనే దిగేటట్లు కొట్టాలి.

లక్షణాలు

ఆరోగ్యంగా ఉన్న పశువు నిలబడినా, నడిచినా వీపు సమంగా ఉంటుంది. కుంటును తొలిదశలో గుర్తించడానికి 1997లో ప్రతిపాదించిన అయిదు అంచెల పద్ధతి విస్తృతంగా వాడుకలో ఉంది.

1. నిలబడినప్పుడు, నడిచేటప్పుడు వీపు సమంగా ఉంటుంది. కుంటు లేదు.
2. నిలబడితే వీపు సమంగా, నడిస్తే వంగి ఉంటుంది.
3. నిలబడినా, నడిచినా వీపు వంగి ఉంటుంది. అడుగులు చిన్నవవుతాయి.
4. ఆగి ఆగి ఒక్కొక్క అడుగు వేస్తుంది. ఒక కాలిపై బరువు తగ్గిస్తుంది.
5. బాధ ఉన్న కాలు నేలపై మోపదు, లేదా లేవడానికే ఇష్టపడదు.

రెండవ, మూడవ అంచెలలోనే గిట్టను పరీక్షిస్తే చికిత్స సులభం. నాలుగవ అంచె వరకు ఆగితే నయం కావడానికి చాలా కాలం పడుతుంది.

వ్యాధిని బట్టి లక్షణాలు మారతాయి. గిట్టల కుళ్ళులో కుంటు అకస్మాత్తుగా మొదలవుతుంది. వాపు రెండు గిట్టలపైన సమానంగా ఉంటుంది, గిట్టలు ఎడంగా జరుగుతాయి, సందులో చర్మం చీలి దుర్వాసన వస్తుంది, జ్వరం ఉంటుంది. వాపు ఒకే గిట్టవైపు ఉంటే లోపలి కీలుకు చీము సోకిందేమోనని అనుమానించాలి. గిట్ట లోపలి వాపులో పశువు వీపు వంచి, అతి జాగ్రత్తగా అడుగులు వేస్తుంది. ముందుకాళ్ళను ఒకదానిపై ఒకటి అడ్డంగా పెట్టి నిలబడవచ్చు. ఇది దీర్ఘకాలం కొనసాగితే గిట్టలు వెడల్పయి, గోడపై అడ్డగీతలు ఏర్పడతాయి.

గిట్టల వ్యాధులుగా పొరబడేవి

కుంటే ప్రతి పశువుకూ గిట్టలోనే లోపం ఉండదు. జబ్బవాపు వ్యాధిలో తొడ లేదా జబ్బ కండరాలు వాచి, నొక్కితే చిటపట శబ్దం వస్తుంది. ఇది కొద్ది గంటలలోనే ప్రాణాంతకం కావచ్చు. మూడు రోజుల జ్వరంలో కుంటు ఒక కాలి నుండి మరొక కాలికి మారుతుంది. నీటిలో ఫ్లోరైడు అధికంగా ఉన్న ప్రాంతాలలో ఎముకలు, కీళ్ళు బిగుసుకొని పశువులు కుంటుతాయి. శీతాకాలంలో బూజు పట్టిన వరిగడ్డి మేసిన గేదెలలో తోక చివర, చెవుల అంచులు, కాళ్ళ కింది భాగం కుళ్ళి, గిట్టలు ఊడిపోయే డెగ్‌నాలా వ్యాధి రావచ్చు. అలాంటి గడ్డిని వెంటనే ఆపివేయాలి.

చికిత్స

మొదట కాలును ఎత్తి కట్టి, గిట్టను నీటితో కడిగి, పశువైద్యుడు పరీక్షించాలి. పైకి శుభ్రంగా కనబడే గిట్టలో కూడా లోపల చీము ఉండవచ్చు. నొక్కినప్పుడు ఏ చోట పశువు కాలు లాక్కుంటుందో దానిని బట్టి నొప్పి ఉన్న స్థలం తెలుస్తుంది.

గిట్టల కుళ్ళు: పుండును వెయ్యింటికి ఒక వంతు పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీటితో కడిగి, కుళ్ళిన భాగాన్ని తొలగిస్తారు. పెన్సిలిన్, ఆక్సిటెట్రాసైక్లిన్ వంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు తొలిరోజులలోనే ఇస్తే త్వరగా గుణం కనిపిస్తుంది. పశువును పొడినేలపై ఉంచాలి.

మడమ చర్మవ్యాధి: పుండును కడిగి, తుడిచి, దానిపైనే ఆక్సిటెట్రాసైక్లిన్ మందు చల్లడం లేదా సాలిసిలిక్ ఆమ్లం పూయడం చేస్తారు.

అడుగుభాగపు పుండు, తెల్లగీత వ్యాధి: విడిపోయిన పొరను గిట్ట కత్తితో తొలగించి, చీము బయటకు వచ్చే దారి చేస్తారు. అదే కాలి మంచి గిట్టకు చెక్క లేదా రబ్బరు దిమ్మెను అతికించి, బాధ ఉన్న గిట్ట నేలను తాకకుండా చేస్తారు. ఈ వ్యాధులలో బరువు తగ్గించడమే ప్రధాన చికిత్స. చీము లోతుకు వెళ్ళనంతవరకు యాంటీబయాటిక్‌ల వలన ఉపయోగం లేదు.

గిట్ట లోపలి వాపు: దాణా ఆపి, ఎండుగడ్డి ఇవ్వాలి. పొట్టలోని ఆమ్లానికి, నొప్పికి పశువైద్యుడు చికిత్స చేస్తాడు. మెత్తని పడక అవసరం.

గాలికుంటు వ్యాధి: వైరస్‌కు నేరుగా పనిచేసే మందు వాడుకలో లేదు. పుండ్లను శుభ్రపరచడం, ఈగలు వాలకుండా చూడటం, మెత్తని మేత ఇవ్వడం, మందను వేరుచేయడం ముఖ్యం.

మందుల విషయంలో జాగ్రత్తలు

నొప్పి నివారణ మందులు వాడితే పశువు త్వరగా కోలుకుంటుంది. అయితే మందు తీసుకున్న పశువు చనిపోతే, ఆ కళేబరాన్ని తిన్న రాబందులు కొన్ని మందుల వలన మూత్రపిండాలు పాడై చనిపోతాయి. ఈ కారణంగా భారతదేశంలో పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లో నిషేధించారు. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌లను కూడా నిషేధించారు. మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదని పరిశోధనలలో తేలింది.

యాంటీబయాటిక్ ఇచ్చిన పశువు పాలను, ఆ మందుకు నిర్దేశించిన గడువు ముగిసేవరకు అమ్మకూడదు, తాగకూడదు.

నివారణ

* కొట్టంలో పేడ, మూత్రం నిలవకుండా వాలు ఉండాలి. నేల మరీ నున్నగా, మరీ గరుకుగా ఉండకూడదు.
* ఆవు రోజుకు సుమారు 10 నుండి 14 గంటలు పడుకుంటుంది. పడుకొనే చోటు మెత్తగా, పొడిగా లేకపోతే నిలబడే ఉండి గిట్టలపై భారం పెంచుకుంటుంది.
* దాణాను అకస్మాత్తుగా కాక, కొద్దికొద్దిగా పెంచాలి. గడ్డి తగినంత ఉండాలి.
* ఏడాదికి ఒకటి, రెండు సార్లు శిక్షణ పొందినవారిచేత గిట్టలను కత్తిరించి సరిచేయించాలి. నెత్తురు వచ్చేవరకు కోయడం గిట్టను సరిచేయడం కాదు, కొత్త గాయం చేయడమే.
* మందలో గిట్టల వ్యాధులు ఉంటే, 5 శాతం మైలుతుత్తం ద్రావణం నింపిన తొట్టి గుండా పశువులను నడిపించాలి. ముందుగా కాళ్ళు కడిగితే మందు బాగా పనిచేస్తుంది. రాగి వలన నేల పాడవుతుంది కాబట్టి, వాడిన ద్రావణాన్ని చెరువులలో, పొలాలలో పారబోయకూడదు. గొర్రెలు దీనిని తాగకుండా చూడాలి.
* జింకు, బయోటిన్ తగినంత అందితే గిట్ట గట్టిపడుతుంది. ఫలితం కనబడటానికి కొన్ని నెలలు పడుతుంది.
* గాలికుంటు వ్యాధికి ఆరు నెలలకొకసారి టీకా వేయించాలి. భారతదేశంలో 2019లో ప్రారంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద ఈ టీకాను ఉచితంగా వేస్తారు.

ఇవి కూడా చూడండి

* గాలికుంటు వ్యాధి
* జబ్బవాపు వ్యాధి
* పొదుగువాపు వ్యాధి
* ఒంగోలు జాతి పశువులు