చేజేతులా రామరాయలు

1565 జనవరి 23న రక్కసి-తంగడి యుద్ధం జరిగింది. స్వయంకృతాపరాధం అన్న మాట వింటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ యుద్ధమే.

తప్పూ తనదే, దాని దెబ్బా తనకే అయితేనే ఆ మాట. పల్లెల్లో దాన్నే కొరివితో తల గోక్కోవడం అంటారు, కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అంటారు. పురాణంలో భస్మాసురుడు, భారతంలో ఆలినీ తమ్ముళ్లనూ ఒడ్డిన ధర్మరాజు ఈ కోవలోని వారే. ఇక చరిత్రలోకి వస్తే, నా దృష్టి అళియ రామరాయల దగ్గరే ఆగిపోతుంది.

అళియ అంటే కన్నడంలో అల్లుడు. శ్రీకృష్ణదేవరాయల అల్లుడాయన. విజయనగర సింహాసనం మీద పేరుకు సదాశివరాయలు, పెత్తనమంతా ఈయనది. గోల్కొండ నుంచి ప్రాణభయంతో వచ్చిన కుర్ర ఇబ్రహీం కుతుబ్ షాకు ఏడేళ్లు ఆశ్రయమిచ్చాడు. తర్వాత తెలుగు కవులు ‘మల్కిభరాముడు’ అని నోరారా పిలుచుకున్నది ఆ ఇబ్రహీంనే. ఇంత మంచి చేసిన చేత్తోనే రామరాయలు దక్కను సుల్తానుల తగవుల్లో తలదూర్చాడు. ఒకసారి బీజాపూరుతో కలిసి అహ్మద్‌నగర్ మీదికి, మరోసారి ఇంకొకరి పక్షాన మరొకరి మీదికి. సాయపడిన ప్రతిసారీ కోటలనో, సొమ్మునో రాబట్టుకున్నాడు. వాళ్లలో వాళ్లు కొట్టుకున్నంత కాలం తనకు ఢోకా లేదనుకున్నాడు.

చివరికి ఆ సుల్తానులే వియ్యమందారు. అహ్మద్‌నగర్ హుస్సేన్ నిజాం షా తన కూతురు చాంద్ బీబీని బీజాపూరు అలీ ఆదిల్ షాకిచ్చి, షోలాపూర్ కోటను కట్నంగా రాసిచ్చాడు. బీదరూ గోల్కొండా కలిశాయి. ఒకప్పుడు విజయనగరం నీడన తలదాచుకుని, ఇప్పుడు గోల్కొండ సుల్తానైన ఇబ్రహీం కూడా ఎదురుగా నిలిచాడు. ముదిమి మీదపడిన రామరాయలు పల్లకిలో యుద్ధానికి వచ్చి పట్టుబడ్డాడు. అక్కడికక్కడే తల నరికారు. తమ్ముడు తిరుమలరాయలు సదాశివరాయలను వెంటబెట్టుకుని, ఖజానాను ఏనుగులకెత్తించి పెనుగొండకు తరలిపోయాడు.

రాజధాని హంపీ జనం మాత్రం అక్కడే మిగిలారు. దోపిడీ నెలల తరబడి సాగిందని చరిత్రకారుడు రాబర్ట్ సెవెల్ 1900లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. కత్తికి బలైన ఆ వర్తకులూ, శిల్పులూ, కూలీలూ ఏ సుల్తానుతో తగవు పెట్టుకున్నారు? రామరాయలది స్వయంకృతాపరాధం. వాళ్లది కాదు.

ఇప్పుడు ఆ మాటకు హద్దు లేకుండా పోయింది. ఎన్నికల్లో ఓడిన పార్టీకీ, చేతిలోని మ్యాచ్ పోగొట్టుకున్న జట్టుకీ వాడుతున్నారు, తప్పులేదు. అప్పు చేసి పత్తి వేసి, నకిలీ విత్తనాలతో మునిగిన రైతునూ అదే మాట అంటున్నారు. వరద ముంచిన లోతట్టు కాలనీవాసుల్నీ అంటున్నారు. అక్కడ స్థలాలమ్మిందెవరు, అనుమతులిచ్చిందెవరు?

నిర్ణయం ఎవరి చేతిలో ఉందో వాళ్లకే ఆ మాట చెల్లుతుంది. రాసేవారూ, మాట్లాడేవారూ దయచేసి ఆ ఒక్కటీ చూసుకుని వాడండి.