పాకుడు మేయు పసికూనలు

లండను నగరమున రాబర్టు వారింగ్టను అను రసాయన శాస్త్రజ్ఞుడు రెండు చిన్న బంగారు చేపలను, ఒక నీటిమొక్కను గాజుతొట్టిలో నుంచి పరీక్షించుచుండగా, కొన్నాళ్లకు ఆకులు క్రుళ్లి, తొట్టి గోడలకు పచ్చని పాకుడు పట్టి, నీరు చెడసాగెను. అప్పుడాతడు చెరువునత్తలను కొన్నింటిని తెచ్చి విడువగా అవి యా పాకుడును మేసి నీటిని తేటపఱచెను. వాని గ్రుడ్లు చేపల కాహారమయ్యెను. 1850లో ఆతడు రసాయన సంఘమునకు నివేదించిన యీ వృత్తాంతమునందే, తొట్టిలో పాకుడు మేయు ప్రాణి యొకటి యుండవలెనను ఆచారమునకు బీజము కలదు.

ఆ నత్త పని కాలక్రమమున దక్షిణామెరికా నదులలోని చప్పరింపు మూతి చేపలకు సంక్రమించెను. ఇవి మన చెరువులలోని జెల్లలకు దూరపు జ్ఞాతులు. కాని దేహము చాలవఱకు ఎముక పలకలతో కవచము తొడిగినట్లుండుటచే, కవచమునకు రోమనులు వాడిన లోరికా యను మాట నుండి యీ కుటుంబమునకు లోరికారిడే యను పేరు వచ్చినది. ఆ పలకలను చూచియే కాబోలు, లిన్నేయసు పండితుడు 1758లో వీనిలో నొకదానిని స్టర్జను చేపల గణమున చేర్చెను.

‘పాకుడు తినునది’ యని పేరు పెట్టుట వలన ఈ చేపలకు మేలు కంటె కీడే యెక్కువ జరిగినదని నా తలంపు. ఆ పేరు విన్నవాడు దీనికి వేఱొక గ్రాస మక్కఱలేదనుకొనును. కొత్త తొట్టిలో పాకుడే యుండదు, పాత తొట్టిలో నున్నది నాలుగు దినములలో చెల్లిపోవును. ఈ కుటుంబములోనివే యగు రెండంగుళముల పాటి ఓటోసింక్లసులు చాలవఱకు నేటికిని నదులలో వలవేసి పట్టినవే. అంగడికి చేరునప్పటికే వానిలో ననేకములు ఆకటిచే కృశించి, కడుపు వీపునంటి యుండును. సేవకునిగా కొనితెచ్చిన ప్రాణి అన్నము లేక చచ్చుట యీ చేపల పెంపకపు వేడుక చరిత్రలో మచ్చ.

అదే కుటుంబములోని ఆన్సిస్ట్రసు చరిత్ర కొంత శుభకరమైనది. 1854లో ఆస్ట్రియా పండితుడు క్నెర్ నిర్దేశించిన యీ గణమున మగచేప మూతిపై కొమ్మలు చీలిన మెత్తని తంతువులు మొలచును. అది దుంగ తొఱ్ఱలోనో, పెంపకందారు అమర్చిన మట్టిగొట్టములోనో, కొబ్బరిచిప్ప క్రిందనో చేరి, ఆడది పెట్టిపోయిన నారింజవన్నె గ్రుడ్ల గుత్తిని ఱెక్కలతో విసరుచు, రేయింబవళ్లు కావలి కాయును. ఆ తంతువులు పిల్లలను పోలియుండుటచే, వానిని చూచిన ఆడచేప ‘ఈతడు మంచి తండ్రి’ యని నమ్మునేమోయని 1999లో కొందఱు శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. గ్రుడ్డు పగిలిన క్షణమునుండియే పిల్ల మూతితో గోడను కఱచుకొనును; పొట్టక్రింది పచ్చసొన సంచి హరించువఱకు దానికి మేత యక్కఱలేదు. అసలు పరీక్ష ఆ సంచి యడగిన నాటినుండి ప్రారంభమగును.

పూర్వపు పెంపకందార్లు చేపపిల్లలకు, ఎండుగడ్డి నానిన నీటిలో పుట్టు సూక్ష్మజీవులను పోసెడివారు. 1933లో సాన్‌ఫ్రాన్సిస్కోలోని సీల్ అను నాతడు ఉప్పుమడుగులలోని ఆర్టీమియా యను రొయ్యవంటి చిన్నప్రాణి పిల్లలు మత్స్యశిశువులకు చక్కని యాహారమని ప్రకటించెను. మన కోస్తాలోని రొయ్యపిల్లల హేచరీలలో నేడు వాడునది ఆ ఆర్టీమియాయే. అయితే నీటిలో ఈదుచు ఎఱను తఱుముకొనిపోవు పిల్లల కది యమృతమైనను, గోడనంటి గీఱుకొని తిను ఆన్సిస్ట్రసు పిల్లలకు అది ముఖ్యాహారము కాదు. వీని ప్రేగు సుడులు చుట్టిన తీగవలె దేహమునకు మిక్కిలి దీర్ఘమైనది. శాకాహారము సారము తక్కువగుటచే నిరంతరము మేయుచుండవలెను. కావున ఎండలో నుంచిన పళ్లెరపు నీటిలో గులకరాళ్లకు పచ్చదనము పట్టించి తొట్టిలోకి మార్చుటయు, ఉడికించిన పాలకూరను, దోసముక్కలను వేయుటయు నలవాటయ్యెను. తరువాత స్పైరులినా బిళ్లలు వచ్చెను. ఆ సూక్ష్మశైవలమును అజ్టెక్కులు మెక్సికో సరస్సులనుండి వడగట్టి, రొట్టెలుగా ఎండబెట్టి తినెడివారు. అయితే తినగా మిగిలిన మేతముక్క రాత్రికి క్రుళ్లినచో నీరు విషమగును. పిల్లలను ఆకలితోపాటు ఈ యశ్రద్ధయు చంపును. ఉదయమున మిగులు తీసి, కొంత నీరు మార్చి, మరల మేత వేయుటకు మించిన రహస్య మిందు లేదు.

ఒక్క ఈతకు నూఱు పిల్లలైనను బ్రతికినచో తొట్టి చాలదు. వీని జ్ఞాతియే యగు పెద్దజాతి చేప యొకటి, ఎవరో పెంచలేక విడువగా, నేడు కృష్ణా, గోదావరి జలములలో వ్యాపించి, ముండ్లతో వలలు చింపుచుండగా, జాలరులు దానిని దెయ్యపు చేపయని తిట్టుచున్నారు. మీ యింట పిల్లలు మిక్కిలి యైనచో మఱొక పెంపకందారున కిండు, అంగడివాని కిండు. చెఱువులో మాత్రము విడువకుడు.