తెలుగు తెరపై అంతరిక్ష యాత్ర: ఇంటిల్లిపాదినీ నవ్వించే రాకెట్ ఎందుకు రాలేదు?

శ్రీహరికోటలో నేల విడిచి తూర్పు దిశగా వెళ్లే రాకెట్ కొద్ది నిమిషాలకే అక్కడి రాడార్ల చూపు దాటిపోతుంది. భూమి వంపు అడ్డొస్తుంది. ఆ తర్వాత దాని సంకేతాలను అందుకోవడానికి ఇస్రో ట్రాకింగ్ విభాగం ఇస్ట్రాక్‌కు వేరే భూకేంద్రాలు ఉన్నాయి. వాటిలో ఒకటి అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. 2024 సెప్టెంబర్‌లో ఈ నగరం పేరును కేంద్రం శ్రీవిజయపురంగా మార్చింది.

రాకెట్ బయల్దేరేది తెలుగు నేల నుంచి. దాన్ని గమనించే దీవుల్లోనూ తెలుగు వినిపిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో 13 శాతానికి పైగా మందికి తెలుగు మాతృభాష. అక్కడ బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం మనదే. తెలుగు సినిమాకు కూడా ఈ దీవులు కొత్త కాదు. అక్కినేని నాగేశ్వరరావు, వాణిశ్రీ నటించిన 'అండమాన్ అమ్మాయి' 1979లోనే వచ్చింది.

ఇలా అంతరిక్ష ప్రయోగాలకు రెండు వైపులా తెలుగువాళ్లున్నా, అంతరిక్ష యాత్ర మీద ఇంటిల్లిపాదీ కూర్చుని నవ్వుకునే తెలుగు సినిమా ఏదంటే చప్పున పేరు చెప్పలేం. దగ్గరగా వచ్చేవి ఉన్నాయి. అవి ఎక్కడిదాకా వచ్చాయో, ఎక్కడ ఆగాయో చూద్దాం.

మొదటి చంద్రయాత్ర హాస్యమే

అంతరిక్షం సీరియస్ విషయమన్నది తర్వాత వచ్చిన అభిప్రాయం. ఫ్రెంచ్ దర్శకుడు జార్జ్ మెలియెస్ 1902లో తీసిన 'ఎ ట్రిప్ టు ది మూన్'లో రాకెట్ వెళ్లి చందమామ కంట్లో దిగబడుతుంది. సినిమా చంద్రుడి మీద కాలుపెట్టిందే నవ్వుతో. 1963లో రిచర్డ్ లెస్టర్ తీసిన 'ది మౌస్ ఆన్ ది మూన్'లో ఒక బుల్లి దేశం అమెరికా, రష్యాలతో చంద్రుడి పోటీకి దిగుతుంది. 1989 నాటి 'ఎ గ్రాండ్ డే అవుట్'లో వాలెస్, గ్రోమిట్ ఇంట్లో చీజ్ అయిపోయిందని సొంతంగా రాకెట్ కట్టుకుని చంద్రుడి మీదకు వెళ్తారు.

మన దేశంలోనూ ఈ ప్రయత్నం పాతదే. 1963లో వచ్చిన తమిళ చిత్రం 'కలై అరసి'లో గ్రహాంతరవాసులు భూమి మీది సంగీతం కోసం ఒక గాయనిని ఎత్తుకెళ్తారు. ఆ పాత్ర వేసింది మన పి. భానుమతి. హీరో ఎంజీఆర్. 1967లో హిందీలో దారాసింగ్ 'చాంద్ పర్ చఢాయీ' వచ్చింది.

మనకు లోకాలకు లోటు లేదు

మరి తెలుగులో? ఇక్కడ పై లోకాలకు వెళ్లడానికి రాకెట్ అవసరం పడలేదు. 1957 నాటి 'మాయాబజార్'లో ప్రియదర్శిని పెట్టె తెరిస్తే దూరాన ఉన్న ప్రియమైనవారు కనిపిస్తారు. నేటి వీడియో కాల్‌కు అది ముత్తాత. 1977లో 'యమగోల'లో ఎన్టీఆర్ యమలోకానికే వెళ్లి గొడవ చేశారు. 1994లో 'యమలీల'లో యముడు, చిత్రగుప్తుడే కిందికి దిగొచ్చి నానా తిప్పలు పడ్డారు. 1990 నాటి 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లో ఇంద్రుడి కూతురు ఉంగరం పోగొట్టుకుని భూమి మీద చిక్కుకుపోయింది.

ఇవన్నీ లోకాంతర ప్రయాణాలే. అన్నీ కుటుంబ హాస్యాలే. వీటిలో నవ్వు పుట్టే చోటు కూడా ఒకటే: పై లోకంలో హోదా ఉన్నవాడికి కింద విలువ లేకపోవడం, లేదా మామూలు మనిషి వెళ్లి పెద్దల ముందు తర్కం మాట్లాడటం. ఈ కథల్లో ప్రయాణానికి మాత్రం ఖర్చూ లేదు, ఇంధనమూ లేదు. మంత్రమో ఉంగరమో చాలు. యంత్రం మొరాయిస్తే పుట్టే హాస్యానికి వీటిలో చోటు లేదు.

'ఆదిత్య 369' చేసిన పని

ఆ చోటును తెలుగు తెరపై తెరిచింది 1991 జూలై 18న విడుదలైన 'ఆదిత్య 369'. ఇది అంతరిక్ష యాత్ర కాదు, కాల యాత్ర. కానీ యంత్రం ఎక్కి తెలియని లోకానికి పోయి ఇంటికి తిరిగి రావడమనే కథా చట్రం రెండింటికీ ఒకటే. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావుది నెల్లూరు జిల్లా. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడే దాకా శ్రీహరికోట ఉన్నదీ ఆ జిల్లాలోనే. హెచ్.జి. వెల్స్ 1895 నవల 'ది టైమ్ మెషీన్' ఈ సినిమాకు ప్రేరణ. మాటలు జంధ్యాల, సంగీతం ఇళయరాజా.

కథలో యంత్రం కట్టింది హీరోయిన్ తండ్రి. వజ్రం దొంగతనాన్ని కళ్లారా చూసిన ఒక పిల్లవాడి వల్ల కథ కదులుతుంది. యంత్రం ముందు 1526 నాటి విజయనగరానికి తీసుకెళ్తుంది. అక్కడ శ్రీకృష్ణదేవరాయలు, తెనాలి రామకృష్ణుడు ఎదురవుతారు. ఆ తర్వాత 2504కు చేరిస్తే, అణుయుద్ధం తర్వాత నేల కింద బతుకుతున్న మనుషులు కనిపిస్తారు. అప్పటిదాకా నవ్విన పిల్లలకు అక్కడ భయం కూడా తెలుస్తుంది. శాస్త్రజ్ఞుడిని ఇంటి మనిషిగా, యంత్రాన్ని ఇంట్లోవాళ్లు వేలు పెట్టగల వస్తువుగా చూపడమే ఈ సినిమా బలం. 2025 ఏప్రిల్‌లో దీన్ని మళ్లీ థియేటర్లలో విడుదల చేశారు.

అసలు అంతరిక్షం తెలుగు తెరకు వచ్చింది 2018 డిసెంబర్ 21న, సంకల్ప్ రెడ్డి 'అంతరిక్షం 9000 కేఎంపీహెచ్'తో. వరుణ్ తేజ్ వ్యోమగామిగా నటించిన ఈ సినిమా ప్రమాదం, బాధ్యత చుట్టూ నడిచే థ్రిల్లర్. నవ్వు దాని ఉద్దేశం కాదు.

అడ్డంకి ఖర్చు ఒక్కటేనా?

భారరహిత స్థితిని నమ్మేలా చూపాలంటే తీగలు, గ్రాఫిక్స్, సమయం కావాలి. అంత డబ్బు పెట్టినప్పుడు నిర్మాత హాస్యం కన్నా సాహసాన్నే నమ్ముకుంటాడు. రెండో కారణం మన హాస్యం స్వభావం. అది పది మంది ఉన్న ఇంట్లో, ఒకరి మాట మీద ఒకరు మాట వేసుకుంటే పండుతుంది. వ్యోమనౌకలో ఉండేది ముగ్గురో నలుగురో. మూడోది గౌరవం. ఇస్రో అంటే జాతి గర్వం కాబట్టి దాని మీద జోకు వేయడానికి రచయిత జంకుతాడు.

కానీ వ్యోమగాముల నిజజీవితంలోనే ఇంటి వాసన ఉంది. హైదరాబాద్‌లో చదువుకున్న రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్‌లో సోయజ్ టీ-11లో వెళ్లినప్పుడు వెంట సూజీ హల్వా ఉంది. 2025 జూన్‌లో బయల్దేరిన శుభాంశు శుక్లా క్యారెట్ హల్వా, పెసరపప్పు హల్వా తీసుకెళ్లారు. గుంటూరులో పుట్టిన బండ్ల శిరీష 2021 జూలై 11న అంతరిక్షపు అంచుల దాకా వెళ్లొచ్చారు. ప్రయాణమంటే ముందు ఊరగాయ జాడీ గుర్తొచ్చే ఇళ్లలో ఇది కథ కాకుండా ఎలా ఉంటుంది?

తెర మీద అంతరిక్షం అయితే దేవతలది, లేకపోతే వీరులది అయినంతకాలం సూళ్లూరుపేటలోనో పోర్ట్ బ్లెయిర్‌లోనో పెరిగే తెలుగు పిల్లకు అది చూసి దండం పెట్టే చోటుగానే ఉంటుంది. తన తండ్రో పక్కింటి పిన్నో పని చేసే చోటుగా అది కనిపించాలంటే, అందులో పొరపాట్లు చేసి, తిట్లు తిని, మళ్లీ సరిదిద్దుకునే మనుషులు ఉండాలి. 'ఆదిత్య 369' ఆ పని కాల యంత్రంతో చేసింది. రాకెట్‌తో చేసే సినిమా కోసం తెలుగు ప్రేక్షకులు ఇంకా ఎదురుచూస్తున్నారు.